చిన్న క్యాంపర్ ట్రైలర్ క్లబ్బులో చేరడం ఎలా: ముందు మనుషులు, తర్వాత బండి

అమెరికాలో పదిహేనేళ్లుగా ఉంటున్నా రెండిళ్ల అవతల ఎవరుంటారో తెలియని తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఉగాదికి తెలుగు సంఘం కార్యక్రమం, శనివారం గుడి, వారం వారం ఎవరో ఒకరింట్లో పుట్టినరోజు విందు. అవన్నీ కావలసినవే. కానీ మనం పన్నులు కడుతూ, పిల్లల్ని పెంచుతున్న ఈ నేల మీద పుట్టి పెరిగినవాళ్లతో మన పరిచయం ఎక్కువగా ఆఫీసు దగ్గరే ఆగిపోతుంది. ఆ దూరం తగ్గాలంటే చిన్న క్యాంపర్ ట్రైలర్ క్లబ్బులో చేరి చూడండని నేను అందరికీ చెప్తుంటాను. కారు వెనక తగిలించుకుని వెళ్లే పదమూడు, పదహారు అడుగుల బుల్లి ట్రైలర్లున్నవాళ్లు అప్పుడప్పుడూ ఒక పార్కులో కలుసుకుని, రెండు మూడు రోజులు పక్కపక్కనే గడుపుతారు. క్లబ్బు చేసే పని అంతే.

నేనుండేది టెక్సస్‌లో కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడివే. పద్ధతి న్యూజెర్సీలో అయినా, కాలిఫోర్నియాలో అయినా ఇదే.

చాలామంది ముందు ట్రైలర్ కొనేసి, ఆ తర్వాత తోడు వెతుక్కుంటారు. మీరు ఆ వరస మార్చండి. ముందు మనుషుల్ని చూడండి. వాళ్ల మధ్య మీకు బాగుంటే బండి సంగతి తర్వాత వాళ్లే చూపిస్తారు.

చిన్న బండే ఎందుకు?

నలభై అడుగుల మోటార్‌హోమ్‌లో సోఫా, పెద్ద టీవీ, స్నానాలగది అన్నీ లోపలే ఉంటాయి. పార్కుకు వచ్చి తలుపేసుకుంటే బయటికి రావలసిన పనే ఉండదు. 13 అడుగుల ట్రైలర్‌లో ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకు చోటుండదు. అందుకే వంట బయట, కాఫీ బయట, కబుర్లూ బయటే. టియర్‌డ్రాప్ అనే రకంలో అయితే లోపల పడుకోవడానికి మాత్రమే వీలుంటుంది. వంట గట్టు వెనకవైపు ఉంటుంది, పెద్ద మూత పైకెత్తి ఆరుబయట నిలబడి వండుకోవాలి. అటు వెళ్లేవాళ్లకు తాలింపు వాసన తగలగానే ఆగి ఏం వండుతున్నారని అడుగుతారు. పరిచయం అక్కడే మొదలవుతుంది.

ఇంకో కారణం కొంచెం లోతైనది. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో రే ఒలెకో అనే ఆయన బోలర్ అనే ఫైబర్‌గ్లాస్ ట్రైలర్‌ను తయారుచేశాడు. అంతకుముందు ఆయన పని ఫైబర్‌గ్లాస్ సెప్టిక్ ట్యాంకుల మీద. ఆ అనుభవంతోనే ట్రైలర్ పై సగాన్నీ, కింది సగాన్నీ వేరువేరుగా అచ్చు పోసి, రెండు కొబ్బరి చిప్పల్లా ఒకదానిమీద ఒకటి పెట్టి అతికించాడు. పైకప్పు మీద అతుకులుండవు కాబట్టి వాన నీరు లోపలికి దిగే అవకాశం తక్కువ. గోడల్లో చెక్క చట్రం లేదు కాబట్టి కుళ్లడం అన్న మాటా తక్కువే. ఇదే పద్ధతిలో 1970ల మొదట్లో మిన్నెసోటాలోని బ్యాకస్‌లో స్కాంప్, 1980ల్లో ఇక్కడ టెక్సస్‌లోని రైస్ అనే చిన్న ఊళ్లో కసీటా మొదలయ్యాయి. గుండ్రంగా ఉండే వీటన్నిటినీ ఇష్టంగా ‘ఎగ్’ అని పిలుచుకుంటారు.

బోలర్ కంపెనీ ఎప్పుడో మూతపడింది. బండ్లు మాత్రం ఇంకా రోడ్డెక్కుతూనే ఉన్నాయి. 2018లో విన్నిపెగ్‌లో దాని యాభయ్యో ఏడు వేడుక చేస్తే వందల బండ్లు వచ్చాయి. ఇలాంటి పాత బండికి కిటికీ రబ్బరు ఎక్కడ దొరుకుతుంది, వంగిన తలుపు ఎలా సరిచేయాలి, ఇరుసు ఎవరు మారుస్తారు అన్నవి ఏ షోరూమ్‌లోనూ చెప్పరు. తెలిసేది అదే బండి ఉన్న మరొకరికి. అంటే వీళ్లకు ఒకరితో ఒకరికి నిజమైన అవసరం ఉంది. ఈ క్లబ్బులు నిలబడింది సరదా మీద కంటే ఆ అవసరం మీదే అని నా నమ్మకం. అందుకే ‘మనకేం తెలుసని వెళ్లడం’ అనుకోకండి. అడగడానికి వచ్చేవాళ్లు అక్కడ అందరికీ అలవాటే.

ఏ క్లబ్బు మీకు సరిపోతుంది?

ఇలా కలుసుకునే అలవాటు ఇక్కడ వందేళ్లకు పైగా ఉంది. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో టిన్ క్యాన్ టూరిస్ట్స్ అనే సంఘం పుట్టింది. కారు రేడియేటర్ మూత మీద ఖాళీ డబ్బా అతికించి ఉంటే వాళ్లు సభ్యులని గుర్తు. మధ్యలో ఆగిపోయిన ఆ సంఘాన్ని 1998లో మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడది పాతకాలపు ట్రైలర్లు, మోటార్ కోచ్‌లు ఉన్నవాళ్ల సంఘం. ఎయిర్‌స్ట్రీమ్ అనే కంపెనీ ట్రైలర్లున్నవాళ్ల క్లబ్బు 1955 నాటిది. ఆ కంపెనీ పెట్టిన వాలీ బయామ్ 1959లో ఆఫ్రికాలో కేప్‌టౌన్ నుంచి కైరో దాకా ట్రైలర్ల బారునే నడిపించాడు. ఆ క్లబ్బు సభ్యుల బండ్ల మీద ఇప్పటికీ పెద్ద ఎర్ర అంకెల్లో వాళ్ల నంబరు కనిపిస్తుంది.

మనుషుల్ని బట్టి ఏర్పడినవీ ఉన్నాయి. సిస్టర్స్ ఆన్ ద ఫ్లై 1999లో మొదలైన ఆడవాళ్ల బృందం. లోనర్స్ ఆన్ వీల్స్ ఒంటరిగా తిరిగేవాళ్ల కోసం. ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలకు నార్వా అని దేశవ్యాప్త సంఘం ఉంది. తమలాంటివాళ్లు తక్కువగా కనిపించే చోట కొందరు ఇలా సొంతంగా సంఘం పెట్టుకున్నారు. మనవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన విషయం ఇది.

ఎంచుకునేటప్పుడు నేను చూడమనేది పేరు కాదు, దూరం. మీ ఇంటి నుంచి రెండు మూడు గంటల్లో చేరుకునే చోట్ల కలుసుకునే చిన్న స్థానిక బృందమే మంచిది. ఏడాదికొకసారి వెయ్యి మైళ్ల అవతల జరిగే పెద్ద సంబరంలో అందరూ చిరునవ్వుతో పలకరిస్తారు గానీ, వచ్చే ఏడు దాకా మళ్లీ మొహాలు కనిపించవు. అవే మొహాలు మళ్లీ మళ్లీ కనిపిస్తేనే పరిచయం స్నేహమవుతుంది.

సభ్యుల్లో రిటైరైనవాళ్లు ఎక్కువ. వాళ్లు పార్కు ఖాళీగా ఉంటుందని సోమవారం నుంచి గురువారం దాకా పెట్టుకుంటే ఉద్యోగం, బడి ఉన్న మనకు కుదరదు. నిర్వాహకులకు ముందే రాసి మూడు సంగతులు కనుక్కోండి: వారాంతాల్లో కలుస్తారా, పిల్లలు వస్తుంటారా, ట్రైలర్ లేనివాళ్లు ఒకసారి వచ్చి చూడవచ్చా. మూడోదానికి వచ్చే జవాబును బట్టి ఆ బృందం ఎలాంటిదో చాలావరకు తెలిసిపోతుంది.

మొదటిసారి బండి లేకుండానే వెళ్లండి

చాలా గ్యాదరింగుల్లో ఒక పూట ‘ఓపెన్ హౌస్’ ఉంటుంది, తరచుగా శనివారం. ఎవరి బండి తలుపులు వాళ్లు తెరిచి పెడతారు, మిగతావాళ్లు తిరుగుతూ లోపల ఎలా సర్దుకున్నారో చూస్తారు. మీరు వెళ్లవలసింది ఆ రోజుకే. టెక్సస్ స్టేట్ పార్కుల్లో రద్దీ రోజుల్లో గేటు దగ్గర నిండిపోయిందని వెనక్కి పంపేస్తారు, కాబట్టి డే పాస్ ముందే తీసుకోండి. రాత్రి ఉండాలనుకుంటే టెంట్ వేసుకోవచ్చు, కొన్ని పార్కుల్లో క్యాబిన్లు కూడా ఉంటాయి. ఇక్కడి స్టేట్ పార్కుల్లో బుకింగ్ ఐదు నెలల ముందు తెరుచుకుంటుంది. నేషనల్ పార్కుల్లాంటి ఫెడరల్ చోట్ల చాలావాటికి ఆరు నెలల ముందు. వసంతకాలం వారాంతాలు త్వరగా అయిపోతాయి.

అక్కడి మర్యాదలు కొన్ని తెలుసుకుని వెళ్లండి. ఒకరి సైటు, అంటే బండి నిలుపుకోవడానికి వాళ్లకిచ్చిన చోటు, మధ్యలోంచి అడ్డంగా నడిచి వెళ్లకూడదు. తాడు కట్టినా కట్టకపోయినా అది వాళ్ల వాకిలి కిందే లెక్క. తలుపు తెరిచి ఉన్నా, లోపలికి రావచ్చా అని అడిగి, వాళ్లు రమ్మన్నాకే కాలు పెట్టాలి. కుక్కను నిమరాలన్నా ముందు అడగాలి.

మనలో చాలామందికి ఏ వస్తువు చూసినా ‘ఎంతకు కొన్నారు’ అని అడగడం అలవాటు. మన దగ్గర అది ఆప్యాయతే. అక్కడ మొదటి పది నిమిషాల్లో ఆ ప్రశ్న వద్దు. బదులుగా ‘ఇందులో మీరు సొంతంగా ఏం మార్చారు’ అని అడిగి చూడండి. ప్రతి ట్రైలర్‌లోనూ ఆ ఇంటాయనో, ఇంటావిడో చేత్తో చేసుకున్న అరో, కుట్టుకున్న పరదానో ఏదో ఒకటి ఉంటుంది. దాని గురించి చెప్పడం వాళ్లకు మహా ఇష్టం. ఆ కథ పూర్తయ్యేలోపు మీకు కూర్చోవడానికి కుర్చీ కూడా వచ్చేస్తుంది. ధర సంగతి వాళ్లే చెప్తారు.

‘మీరు ఎక్కడివాళ్లు’ అన్న ప్రశ్న మీకూ వస్తుంది. ఎక్కువమంది మామూలు కుతూహలంతోనే అడుగుతారు. అక్కడ ఇల్లినాయి నుంచి వచ్చినవాళ్లనూ అదే అడుగుతారు. ముందు మీరు ఉండే ఊరు చెప్పండి, ఫ్రిస్కో అనో ఇర్వింగ్ అనో. తర్వాత మీ గుంటూరు గురించో, కరీంనగర్ గురించో చెప్పండి. ఎవరైనా ఒక మాట గుచ్చుకునేలా అంటే, దాన్ని పట్టించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, సర్దుకుపోవలసిన బాధ్యత మీ మీద లేదు. ఒకే ఒక్క మనిషిని చూసి మొత్తం బృందాన్ని వదులుకోవద్దు. అయితే ఒకరు అలా అన్నప్పుడు మిగతావాళ్లు ఏం చేశారన్నది మాత్రం గమనించండి.

బండి విషయానికొస్తే

ఒకటి రెండుసార్లు వెళ్లాక మీకు నచ్చితే, కొనేముందు అద్దెకు తీసుకోండి. అవుట్‌డోర్సీ, ఆర్‌వీషేర్ లాంటి వాటిలో సొంతదార్లే రోజుకింత అని అద్దెకిస్తారు. ఇంట్లో అందరూ ఆ కొంచెం చోటులో రెండు రాత్రులు పడుకుని చూస్తేగానీ ఎంత సైజు కావాలో తెలియదు.

మీ కారు ఎంత లాగగలదో మొదట చూసుకోండి. మనవాళ్ల ఇళ్లముందు ఎక్కువగా కనిపించే టయోటా సియెన్నా, హోండా ఒడిస్సీల కొత్త మోడళ్లు 3,500 పౌండ్ల దాకా లాగుతాయి. హోండా సీఆర్-వీ 1,500 దగ్గరే ఆగిపోతుంది. సామాను సర్దాక 13 అడుగుల స్కాంప్ సుమారు 1,500 నుంచి 2,000 పౌండ్లు తూగుతుంది, 17 అడుగుల కసీటా 3,000 దాటుతుంది. కంపెనీ చెప్పిన అంకెతో పాటు డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ కూడా చదవాలి. కార్లో మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు ఉండొచ్చో అందులో ఉంటుంది. ట్రైలర్ ముక్కు కారు మీద మోపే బరువు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఆ ముక్కు బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంతకంటే తగ్గితే హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. సరిచూసుకోవాలంటే ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద తూకం వేయించండి, ఖర్చు తక్కువ. ఇన్సూరెన్స్ ఏజెంటుతో కూడా ఒకసారి మాట్లాడండి, కారు పాలసీ ట్రైలర్‌కు జరిగే నష్టాన్ని సాధారణంగా భరించదు.

పాతది కొనేటప్పుడు క్లబ్బులో అనుభవమున్న ఒకరిని వెంట తీసుకెళ్లండి. ఒక శనివారం పొద్దున మీతో వచ్చి చూసి పెట్టడానికి సంతోషంగా ఒప్పుకునేవాళ్లు ప్రతి బృందంలోనూ ఉంటారు. వాళ్లు మొదట ముక్కుతో చూస్తారు, లోపల తడి వాసన ఉందా అని. నేలను మూలల్లో కాలితో నొక్కుతారు. కింద పడుకుని ఇనుప చట్రం తుప్పు పట్టిందా, పగుళ్లున్నాయా చూస్తారు. టైరు పక్కన డాట్ కోడ్ చివర నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గాట్లు కొత్తగా కనిపించినా ఆరేళ్లు దాటితే మార్చేయమంటారు. చక్రాల బేరింగులకు గ్రీజు ఎప్పుడు పెట్టారో అడుగుతారు. అమ్మే సభ్యులు కూడా బయటివాళ్లకంటే ముందు బృందంలో చెప్తారు. మనుషులు ముందు, బండి తర్వాత అన్నది అందుకు కూడానండి.

వెనక్కి నడపడం ముందే నేర్చుకోండి

క్యాంప్‌గ్రౌండ్‌కు వెళ్లే ముందు చాలామందికి ఉండే టెన్షన్ ఒక్కటే, అందరూ చూస్తుండగా రివర్స్ చేయడం. ఆదివారం ఖాళీగా ఉండే పార్కింగ్ లాట్ చూసుకుని, అనుమతి తీసుకుని, రెండు ప్లాస్టిక్ కోన్లు పెట్టి సాధన చేయండి. చెయ్యి స్టీరింగ్ కింది భాగంలో పెట్టుకోండి. ట్రైలర్ వెనక భాగం ఎటు వెళ్లాలో చేతిని అటే జరపండి. నెమ్మదిగా, కొంచెం కొంచెంగా. అనుమానం వస్తే ఆపి, దిగి, చూసి రండి. ఎన్నిసార్లు దిగినా ఎవరూ తప్పుపట్టరు.

భార్యాభర్తలిద్దరూ నేర్చుకోవాలి. తగిలించడం, గొలుసులు కప్లర్ (ట్రైలర్‌ను కారుకు తగిలించే కొస) కింద అడ్డంగా మార్చి కట్టడం, లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడటం, మొదటి యాభై మైళ్ల తర్వాత చక్రాల నట్లు మళ్లీ బిగించడం ఇద్దరికీ రావాలి. చాలా ట్రైలర్ టైర్లకు వేగం హద్దు గంటకు 65 మైళ్లు. టెక్సస్ హైవేలో అందరూ దాటుకుంటూ పోతుంటారు, పోనివ్వండి.

మొదటి సాయంత్రం

చీకటి పడకముందే చేరుకోండి. మీ బండి మలుపు తిరగడం చూడగానే ఇద్దరు ముగ్గురు లేచి వస్తారు. ఒకరు వెనక నిలబడి చేయి ఊపుతారు, ఒకరు చక్రం కింద దిమ్మ పెడతారు. ఇక్కడే మన మొహమాటం అడ్డొస్తుంది. ‘వద్దండీ, మేం చూసుకుంటాం’ అనేస్తాం. దయచేసి అనకండి. వాళ్లతో మీ మొదటి సంబంధం ఆ సాయంతోనే మొదలవుతుంది. చేయనివ్వండి, పేరు అడగండి, రాసుకోండి.

బండి సరిగ్గా నిలబెట్టాక కుర్చీలు దారివైపు తిప్పి వేసుకోండి. వెనకవైపు అడవి చూస్తూ కూర్చుంటే మీకు ఏకాంతం కావాలని అర్థం చేసుకుని ఎవరూ రారు. చాలామంది చెక్కపలక మీద ఇంటిపేరూ ఊరిపేరూ రాసి బండి ముందు పెట్టుకుంటారు. మీరూ పెట్టండి, ఇంగ్లీషు కింద తెలుగులో కూడా రాయండి. ఆ లిపి ఏమిటని అడగని మనిషి ఉండడు. మీ పేరు పలకడం కష్టమైతే, విడదీసి నిదానంగా రెండుసార్లు చెప్పండి. పొట్టి పేరు పెట్టుకోవలసిన పని లేదు. ప్రతి నెలా కలిసేవాళ్లు నేర్చుకుంటారు.

అందరూ తెచ్చుకుని కలిసి తినే భోజనం

పాట్‌లక్‌కు ఎవరి కంచం, గ్లాసు, చెంచా, కుర్చీ వాళ్లే తెచ్చుకోవాలి. ఆరింటికి అంటే ఆరింటికే మొదలవుతుంది. పది నిమిషాలు ముందే వెళ్లి బల్లలు వేయడంలో చేయి వేస్తే, ఒక్కరోజులో పదిమంది పేర్లు తెలుస్తాయి.

ఏం తీసుకెళ్లాలి? నా ఓటు పులిహోరకే. వేడి చేయనక్కరలేదు, పాలూ పెరుగూ లేవు, ఎండలో కూడా కాసేపు తట్టుకుంటుంది. వేరుశనగలు, జీడిపప్పు మాత్రం విడిగా గిన్నెలో పెట్టండి. ఇక్కడ వేరుశనగ పడనివాళ్లు చాలామంది, అది వాళ్లకు ప్రాణాల మీదికి వచ్చే విషయం. చిన్న అట్ట మీద వంటకం పేరు, శాకాహారమని, ఎంత కారమో, ఏం పప్పులున్నాయో రాసి పక్కన నిలబెట్టండి. ఎండుమిర్చి ముక్కలు తీసేసి వడ్డించండి, కరివేపాకు పక్కకు తీసి తినొచ్చని చెప్పండి. దద్దోజనం తేవాలనిపిస్తే ఐస్ పెట్టెలోనే ఉంచండి. ఉష్ణోగ్రత 90 ఫారెన్‌హీట్ దాటితే పెరుగన్నం లాంటివి బయట గంటకు మించి ఉండకూడదు. ఎక్కువమందిని మీ సైటుకు రప్పించాలంటే మాత్రం సాయంత్రం నాలుగింటికి బయట పొయ్యి మీద మిర్చి బజ్జీలు వేయండి. పొద్దున అయితే ఫిల్టర్ కాఫీ. రెండోరోజు ఎవరి కప్పుతో వాళ్లే వస్తారు.

శాకాహారులు కొన్ని జాగ్రత్తగా అడగాలి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో బీన్స్ కూరలో బేకన్ (పంది మాంసం) ముక్కలు వేయడం మామూలు, వండినవాళ్లకు అది మాంసం వంటకం అనిపించదు. ‘ఇందులో మాంసం ఉందా’ అనేకంటే ‘బేకన్ గానీ, పంది కొవ్వు గానీ వేశారా’ అని సూటిగా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. మంట దగ్గర పిల్లలకిచ్చే మార్ష్‌మాలోలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. శాకాహార మార్ష్‌మాలోలు దొరుకుతాయి, మీ పిల్లల కోసం ఒక ప్యాకెట్ తీసుకెళ్లండి. లేకపోతే అందరు పిల్లలూ కాల్చుకుంటుంటే వాళ్లు చూస్తూ కూర్చోవలసి వస్తుంది.

చలిమంట చుట్టూ

కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్లకండి, పార్కు దగ్గరే కొనండి. చెట్లను చంపే పురుగులు ఒకచోట నుంచి ఇంకోచోటికి వెళ్లేది ఎక్కువగా ఈ కట్టెల్లోనే. ఎండాకాలంలో కౌంటీవాళ్లు బర్న్ బ్యాన్ (ఆరుబయట మంట వేయకూడదన్న నిషేధం) పెడితే మంట ఉండదు. లాంతరు మధ్యలో పెట్టుకుని కూర్చుంటారు, కబుర్లకేం లోటుండదు.

వలయంలో కుర్చీ వేసుకోవడానికి పిలుపు కోసం చూడొద్దు. చోటున్నచోట వేసుకుని, పక్కవాళ్లకు నమస్కారం చెప్పి కూర్చోవడమే. దంపతులిద్దరూ పక్కపక్కనే కూర్చుంటే మీలో మీరే మాట్లాడుకుంటారు, కొంచెం దూరంగా కూర్చోండి. జోకులు, పాత టీవీ కార్యక్రమాల ప్రస్తావనలు కొన్ని మనకు అందవు. అందలేదని అడిగితే ఎవరో ఒకరు సంతోషంగా వివరిస్తారు. చాలా బృందాల్లో మంట దగ్గర రాజకీయాలు మాట్లాడకూడదన్న కట్టుబాటు ఉంటుంది. అది నిజంగా మంచి కట్టుబాటు. ఎన్నికల్లో మీకు పూర్తిగా ఎదురు వైపున్న మనిషి తెల్లారి మీ బ్యాటరీ సరిచేసి పెడతాడు, మీరు ఆయన భార్యకు పప్పు చేయడం నేర్పుతారు. ఈ రోజుల్లో అలాంటి చోటు దొరకడం చిన్న విషయం కాదు.

రాత్రి పదింటికి పార్కులో నిశ్శబ్ద వేళ మొదలవుతుంది. ఫోన్లో స్పీకర్ మీద ఇండియాకు మాట్లాడటం లాంటివి ఆ తర్వాత వద్దు.

సాయం పుచ్చుకోండి, పని అందుకోండి

మొదటిసారి మీరు అతిథులు. రెండోసారి కూడా అతిథుల్లాగే ఉండిపోతే, ఎన్నిసార్లు వెళ్లినా అలాగే ఉండిపోతారు. అందుకే రెండోసారికే ఏదో ఒక పని మీ పేరు మీద రాయించుకోండి. కాఫీ పెట్టే డ్యూటీ, పేర్ల బ్యాడ్జీలు, పిల్లల ఆటలు, పార్కు బుకింగులు. చాలా బృందాల్లో పనిచేసే నలుగురైదుగురు అలిసిపోయి ఉంటారు, నేను చేస్తానని అనేవాళ్ల కోసం చూస్తుంటారు. మనవాళ్లలో చాలామందికి లెక్కల పట్టికలు, షెడ్యూళ్లు వేయడం వెన్నతో పెట్టిన విద్య, ఆ పని ఇస్తామంటే ఒప్పుకోండి.

మీకు వచ్చింది చేయడంతో పాటు రానిది అడగడం కూడా అంతే ముఖ్యం. బేరింగులకు గ్రీజు పెట్టడం రాకపోతే, డబ్బిచ్చి షాపులో చేయించుకోవడం తేలికే. కానీ గ్యాదరింగ్‌కు వెళ్లినప్పుడు ‘నాకు చూపిస్తారా’ అని ఒకరిని అడగండి. డెబ్బై ఏళ్ల పెద్దాయన తన పనిముట్ల పెట్టె తెచ్చుకుని, మధ్యాహ్నమంతా మీ పక్కన కూర్చుని నేర్పుతాడు. ఆయన పిల్లలు వేరే రాష్ట్రాల్లో ఉంటారు. ఆయనకూ ఆ మధ్యాహ్నం కావాలి. ఈ సభ్యుల్లో తోడు పోయినవాళ్లు, ఒక్కరే బండి లాక్కుని వచ్చేవాళ్లు ఎందరో. ఎవరైనా రెండుసార్లు రాకపోతే ఫోన్ చేసి కనుక్కునే పని మీరు పెట్టుకోండి. ఆస్పత్రిలో ఉన్నారని తెలిస్తే వెళ్లి చూసి రండి, చేతనైతే వండి పట్టుకెళ్లండి. మన ఊళ్లో అయితే ఇది ఎవరూ చెప్పకుండానే చేసేవాళ్లం కదా.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు

ఆరు నెలలు నాలుగు గోడల మధ్య ఉండిపోయే పెద్దవాళ్లకు ఈ వారాంతాలు ఎంతో మేలు చేస్తాయి. 13 అడుగుల బండిలో మాత్రం వాళ్లను ఇరికించకండి, క్యాబిన్ తీసుకోండి. బాత్‌రూములకు దగ్గరగా ఉన్న సైటు అడగండి. రాత్రి టార్చి వేసుకుని దూరం నడవాలంటే వాళ్లు రెండోసారి రారు. ఇంగ్లీషు రాకపోయినా ఇబ్బంది లేదు. సైకిలు, పంపుసెట్టు విప్పి బిగించిన నాన్నగారిని బండి రిపేరు జరిగే చోట కూర్చోబెట్టండి. అమ్మ చేత మొక్కల గురించి చెప్పించి మీరు అనువాదం చేయండి. చీర కట్టుకున్న పెద్దావిడ పొద్దున్నే సైటు ముందు ముగ్గు వేస్తే, చుట్టుపక్కల ఆడవాళ్లంతా పిండి పట్టుకుని కూర్చుంటారు. బియ్యప్పిండితోనే వేయించండి, సాయంత్రానికి చిమ్మేయండి. పార్కు నేల ఉన్నది ఉన్నట్టు వదిలి రావాలి.

పిల్లలకు ప్రత్యేకంగా చెప్పవలసింది తక్కువ. సైకిలు తీసుకెళ్లండి. నేషనల్ పార్కు అయితే జూనియర్ రేంజర్ పుస్తకం అడిగి తీసుకోండి.

కుదరకపోతే, లేదా మనవాళ్లతో కలిసి

మూడుసార్లు వెళ్లినా ఒక్కరూ మీ పేరు గుర్తుపెట్టుకోకపోతే ఆ బృందం మీకు కాదు. బాధపడకుండా ఇంకోటి చూడండి. ఒకే ఊరి చుట్టూ కూడా ఒక్కో బృందం ఒక్కో తీరుగా ఉంటుంది.

తెలుగు స్నేహితులకు ఆసక్తి కలిగితే తప్పకుండా తీసుకెళ్లండి, కానీ ఒకేసారి ఆరు కుటుంబాలతో దిగకండి. అలా వెళ్తే మనం మనమే ఒకచోట చేరి, తెలుగులో మాట్లాడుకుని, మన అన్నం మనమే తిని వచ్చేస్తాం. ఒక గ్యాదరింగ్‌కు ఒక కొత్త కుటుంబం చాలు. వాళ్ల సైటు మీ పక్కన కాకుండా నాలుగు సైట్ల అవతల తీసుకోమనండి. మొదటి సాయంత్రం మీరు వెంటబెట్టుకుని తిప్పి, నలుగురికి పరిచయం చేసి వదిలేయండి. విడిగా తెలుగువాళ్ల క్యాంపు కూడా పెట్టుకోవాలనిపిస్తే ఏడాదికి ఒకటి పెట్టుకుని, దానికి క్లబ్బు నుంచి ఇద్దరు ముగ్గురిని భోజనానికి పిలవండి. వంటలో సగం వాళ్ల చేత చేయించండి.

ఆదివారం పదకొండు, పన్నెండు కల్లా సైటు ఖాళీ చేయాలి. బయల్దేరే హడావిడిలో మరిచిపోయే పని ఒకటుంటుంది. తర్వాత ఎక్కడ, ఎప్పుడు కలుస్తున్నారో నిర్వాహకుల దగ్గర కనుక్కుని, ఆ పార్కు బుకింగ్ ఏ రోజు తెరుచుకుంటుందో ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి. ఆ రోజు ఉదయం ఎనిమిదింటికల్లా సిద్ధంగా ఉంటే, పోయినసారి మీ చక్రం కింద దిమ్మ పెట్టినవాళ్ల పక్క సైటే దొరకవచ్చు.